రంగుల గడి

ఒకటో పేజీ పన్నెండు, రెండోది ఎనిమిది, మూడోది ఇరవై తొమ్మిది, నాలుగోది యాభై ఏడు, అయిదోది... అయిదోది దగ్గర ఆగిపోయాడు. పొద్దున గుమ్మం దిగేటప్పుడు గడగడా వచ్చింది, బస్సులోనూ వచ్చింది, తీరా ఈ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూలబడగానే అయిదో పేజీ ఎటో జారుకుంది. మూడా? కాదు, మూడు దాని తర్వాతది. యాభై రెండేళ్ల మనిషి, ఇరవై నాలుగేళ్లుగా ఊరికి నీళ్లు శుద్ధి చేసి పంపుతున్న మనిషి, ఎక్కాలు అప్పజెప్పలేక నిలబడ్డ పిల్లాడిలా పెదాలు కదుపుతూ కూర్చున్నాడు, పాపం. పక్కనున్నావిడ ఏ జపమో అనుకుందేమో, కాస్త జరిగి కూర్చుంది. తలుపు దగ్గర అటెండరు పేర్లు పిలవడం లేదు, నంబర్లే. ఇప్పుడు లోపల పదకొండు. ఇతని చేతిలోని చీటీ మీద పదిహేడు. చీటీ చెమటకు మెత్తబడి అంచులు చుట్టుకుపోయింది. డెబ్బై నాలుగు! అయిదో పేజీ డెబ్బై నాలుగు. హమ్మయ్య.

పోయిన ఏడాది దాకా ఈ తద్దినం లేదు. నీళ్ల ప్లాంటులో మనిషి పనిచేస్తున్నాడంటే చేస్తున్నాడంతే, ఎవడూ కాగితం అడిగింది లేదు. హఠాత్తుగా పైనుంచి ఒక నిబంధన ఊడిపడింది. సర్టిఫికెట్ లేనివాడు షిఫ్టు ఆపరేటరు కుర్చీలో కూర్చోకూడదట. అయిదేళ్లు చేశాడని పై అధికారి సంతకం కావాలట, నలభై గంటల తరగతులు వినాలట, రాత పరీక్ష, చేతి పరీక్ష, అవన్నీ అయ్యాక ఒళ్లు బాగుందని డాక్టరు రాసివ్వాలట, మూడేళ్లకోసారి మళ్లీ మొదటి నుంచీ. సరే, తప్పుతుందా. తరగతుల్లో తన కొడుకు వయసున్న వాడొకడు బోర్డు మీద బొమ్మలు గీసి ఇసుక ఫిల్టరు ఎలా పనిచేస్తుందో చెబుతుంటే, ఆ ఫిల్టర్లలో దిగి ఇసుక ఎత్తిపోసిన నడుము నొక్కుకుంటూ విన్నాడు. రాత పరీక్షలో డెబ్బై ఎనిమిది వచ్చాయి. కూతురు కూర్చోబెట్టి చదివించింది, తప్పు చెబితే "నాన్నా, నువ్విక పరీక్ష గదిలోకి క్యారేజీ తీసుకుని వెళ్లు, అదొక్కటే పూర్తి చేస్తావు" అని ఏడిపించింది. చేతి పరీక్షకు చీట్లు తీశారు. ఇతనికి ఆరు గాజు జాడీలు వచ్చాయి, పటిక పరీక్ష. ఏ జాడీలో మడ్డి ముందు గడ్డకట్టి కిందికి దిగుతుందో చూడటం. అది కళ్లు మూసుకుని చెప్పగలడు. వెనకవాడికి క్లోరిన్ పరీక్ష వచ్చింది. ఆ చీటీ చూసి ఇతను గండం గడిచిందనుకున్నాడు. ఇంటికెళ్లి చివరి కాగితం తిప్పి చూస్తే బరువు, రక్తపోటు, చెవులు, చూపు, దాని కింద ఒక చిన్న గడి. రంగుల గుర్తింపు.

క్లోరిన్ సంగతి ఏమిటంటే అది రంగు మీద నడుస్తుంది. ఊళ్లోకి వెళ్లే నీళ్లు గంటకోసారి చిన్న గాజు గొట్టంలో పట్టి, అందులో ఒక మాత్ర వేసి గిలకొడితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పక్కన పెట్టెలో లేత గులాబీ నుంచి ముదురు గులాబీ దాకా బిళ్లలుంటాయి, ఏ బిళ్లతో సరిపోతే అంత క్లోరిన్ ఉన్నట్టు. తక్కువైతే నీళ్లలో పురుగు చావదు. ఇంతే. అయిదో తరగతి పిల్ల కూడా చెయ్యగలదు. ఇతను చెయ్యలేడు. ఇతనికి గులాబీ ఎప్పుడూ కనిపించలేదు. గొట్టంలో ఉన్నదీ బూడిద రంగే, బిళ్లల్లో ఉన్నదీ బూడిద రంగే, ఒకటి కాస్త చిక్కన, ఒకటి కాస్త పల్చన. ఎరుపూ ఆకుపచ్చా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చిన్నప్పుడు తెలియలేదు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకున్నాడు. పెళ్లయిన కొత్తల్లో భార్య టమాటాలు తెమ్మంటే కిలో పచ్చివి పట్టుకొచ్చాడు. ఆవిడ నవ్వింది. రెండోసారి తెచ్చాడు, నవ్వలేదు. మూడోసారి ఇతన్ని వాకిట్లోకి పిలిచి రెండు చేతుల్లో రెండు టమాటాలు పట్టుకుని "ఏది పండింది చెప్పండి" అంది. నొక్కి చూడబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు తెలిసింది ఆవిడకు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. చేరేటప్పుడు ఛాతీ కొలిచారు, నాలుక చాపమన్నారు, పొమ్మన్నారు. "ఎవరితోనూ అనకండి" అంది భార్య. ఆ టమాటాలు ఆ పూట కూరయ్యాయి, ఆ మాట ఇరవై నాలుగేళ్లు కడుపులో ఉండిపోయింది.

"లోపల ఏం చూస్తున్నారంటారు?" పక్కనావిడ అడిగింది. ఎక్కడో వేరే ప్లాంటు నుంచి వచ్చినట్టుంది, సంచీలో ఇలాంటి కాగితాలే. "తెలియదమ్మా," అన్నాడు. "నా ముందు షిఫ్టతను నిన్న వచ్చి వెళ్లాడు. అయిదు నిమిషాల్లో పంపించేశారంట. నాకు షుగరండీ, అదొక్కటే భయం" అందావిడ. తన భయం చెప్పేసుకుని కుదుటపడింది. చెప్పుకోగల భయాలున్నవాళ్లు అదృష్టవంతులు అనిపించింది ఇతనికి. పన్నెండు, అని అరిచాడు అటెండరు. ఆరోది మూడు, ఏడోది పదిహేను.

మరి ఇన్నేళ్లూ ఎలా గడిచిందంటే, మైకు ఉన్నాడు కాబట్టి. షిఫ్టుకు ఇద్దరు ఆపరేటర్లు. ఇతనూ, మైకూ. పంపుల హోరులో కూడా పది గజాల దూరానికి వినబడేలా అరిచి చెబుతాడు గనక ప్లాంటంతా అతన్ని మైకు అంటుంది, అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. చేరిన మొదటి వారమే మైకు పని పంచేశాడు. "బావా, నా రాత కోడిగీతలు. నేను రాస్తే నేనే చదువుకోలేను. నేను చూసి చెబుతా, నువ్వు రాయి" అన్నాడు. వరసా లేదు, వావీ లేదు, మొదటి రోజు నుంచే బావ. ఇతనికి ప్రాణం లేచొచ్చింది. దేవుడిచ్చిన కోడిగీతలు! గంట కొట్టగానే మైకు గొట్టం వెలుతురుకెత్తి ఒక కన్ను మూసి "సున్నా పాయింట్ అయిదు!" అని ఊరికంతా వినబడేలా చాటేవాడు, ఇతను లాగ్‌బుక్కులో గుండ్రంగా రాసేవాడు. పాత పుస్తకాలు తిరగేస్తే ఎనిమిదేళ్ల, పదేళ్ల అంకెలన్నీ ఇతని రాతే, చూపు మాత్రం మైకుది. అంతా బాగా దాచాననుకున్నాడు. భార్యకు తప్ప మూడో కంటికి తెలియదనుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే అనుకోండి.

పదమూడు. పక్కనావిడ కాదు, ఆ మూలనున్న లావుపాటాయన లేచాడు. ఇంకా నాలుగు. నీళ్ల సీసా తీసి ఒక గుక్క తాగాడు. ఎక్కడ నీళ్లు తాగినా నాలుక మీద ఒక్క క్షణం ఆపుతాడు, పదకొండేళ్లుగా పట్టుకున్న జబ్బు.

పదకొండేళ్ల కిందట. ఆ ఏడాది కొత్త మీటరొచ్చింది, నీళ్లు పోస్తే క్లోరిన్ ఎంతో అదే అంకె వేసి చూపించేది. రంగుతో పనిలేదు. అది వచ్చాక ఇతని ముఖంలో కళ వచ్చిందని భార్యే అంది. ఆ ధైర్యంతోనేనేమో మైకు కూడా పన్ను పీకించుకోవాలని ఒకరోజు సెలవు పెట్టాడు. ఉదయం షిఫ్టు. ముందు రెండు రోజులూ పైన కుండపోత వాన. ఏడింటికి మీటరు బాగానే చూపింది, ఎనిమిదింటికి తెర మీద రెండు గీతలు పడి చచ్చి ఊరుకుంది. తట్టాడు, కొట్టాడు, బ్యాటరీ మార్చాడు. లేదు. పాత గాజు గొట్టాల పెట్టె దుమ్ము దులిపి తీశాడు. మాత్ర వేశాడు. చూశాడు. బూడిద రంగు, కాస్త చిక్కన. ఎప్పుడూ ఉండేంతే ఉందనిపించింది. అయిదు అని రాశాడు. తొమ్మిదింటికి మళ్లీ చూశాడు, ఇంకాస్త చిక్కగానే ఉంది, మంచిదేగా అనుకున్నాడు. అయిదు. పదింటికి అయిదు. ఒంటిగంట దాకా అయిదు. కింద ఫిల్టరు గదిలో మనిషి ఉన్నాడు. పైకి పిలిచి "ఒక్కసారి ఇది చూడరా" అంటే సరిపోయేది. పిలవలేదు. ఏమని పిలుస్తాడు? ఆపరేటరు కదా, ఆపరేటరుకు తెలియదా? ఇది చూడలేని తప్పు కాదు, అడగలేని తప్పు. రెండింటికి వచ్చిన షిఫ్టువాడు గొట్టం ఎత్తి చూసి "అన్నా, ఇందులో రంగే లేదు" అన్నాడు. సున్నా పాయింట్ ఒకటి. క్లోరిన్ వెళ్లే సన్నగొట్టంలో ఏదో అడ్డుపడింది. మరి ఇతనికి చిక్కగా కనిపించింది ఏమిటంటే మడ్డి. వాననీటి మడ్డి సన్నగా ఫిల్టరు దాటొచ్చింది, గొట్టంలో మసక పెరిగింది, ఆ మసకనే ఇతను క్లోరిన్ అనుకున్నాడు. రంగు తెలిసిన వాడెవడూ ఆ పొరపాటు చెయ్యడు. "ఇప్పుడే అడ్డుపడి ఉంటుంది" అన్నాడు ఆ కుర్రాడితో. ఆ మాట తన నోటితోనే అన్నాడు, ఎవరూ అనిపించలేదు.

నాలుగో రోజు చెల్లెలు ఏడుస్తూ ఫోను చేసింది. పైపులైను చిట్టచివర, పల్లంలో ఉంటుంది వాళ్ల వీధి. ఆ వీధిలో పదకొండు మందికి వాంతులూ విరేచనాలూ. చెల్లెలి కూతురికి నాలుగేళ్లు, పట్టి వదిలితే చర్మం ముడత పడి అలాగే నిలబడిపోతోంది. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైను. పిల్ల చిట్టి చేతికి సూది పెట్టడానికి నరం దొరక్క నర్సు నాలుగుచోట్ల పొడిచింది. మామయ్య కదా, కదలకుండా చెయ్యి పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. పిల్ల "మామయ్యా వద్దు మామయ్యా" అంటూ ఇతని వేలే పట్టుకుంది. చెల్లెలేమో బయట అమ్మే ఐసు తిన్నదని పిల్లనే తిట్టుకుంది, బడి దగ్గర ఐసు బండివాణ్ణి తిట్టింది, తన్ను తాను తిట్టుకుంది. "నువ్వుండబట్టి సరిపోయింది అన్నయ్యా, లేకపోతే నా బతుకేమైపోయేదో" అంది. ఆ మాటకు తల ఊపాడు. ఊపిన తల అక్కడే తెగిపడితే బాగుండుననిపించింది. పిల్ల బతికింది. ఇప్పుడు పదో తరగతి, మామయ్య కనబడితే చాలు మెడ చుట్టూ చేతులు వేస్తుంది. వేసిన ప్రతిసారీ ఇతనికి ఆ మోచేతి మడతలో నాలుగు సూదిపోట్లు కనిపిస్తాయి, అవి ఎప్పుడో మాసిపోయినా సరే.

పదిహేను. పద్నాలుగు ఎప్పుడు వెళ్లాడో చూడనే లేదు.

పన్ను పీకించుకున్న మర్నాడు మైకు వాచిన బుగ్గతో వచ్చాడు. వస్తూనే లాగ్‌బుక్కు తీశాడు. ఒకటే వరస అయిదులు చూశాడు, దాని కింద వేరే రాతలో ఒకటి చూశాడు. "బావా, నిన్న నీళ్లు మసగ్గా వచ్చాయా?" అన్నాడు. "ఆఁ, కొంచెం" అన్నాడు ఇతను. "ఊఁ" అన్నాడు మైకు. పుస్తకం మూసేశాడు. అంతే. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. కానీ ఆ తర్వాత పదకొండేళ్లలో మైకు ఒక్క రోజు సెలవు పెట్టలేదు. జ్వరమొస్తే మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. తండ్రిని మట్టి చేసిన మర్నాడు వచ్చాడు. కూతురి పెళ్లినాడు సాయంత్రం షిఫ్టుకు వచ్చి, గంట గంటకూ గొట్టమెత్తి, మధ్యలో కొత్తబట్టల మీద క్లోరిన్ పడిందని గొణుక్కున్నాడు. "ఇదేం పిచ్చిరా నీకు, ప్రాణం మీద తీపి లేదా" అని ఇతనే కేకలేశాడు. "ఇంట్లో ఉంటే మీ చెల్లెమ్మ కూరలు తరగమంటుంది బావా" అన్నాడు వాడు. నవ్వారు ఇద్దరూ. నవ్వాడు ఇతను! వాడు ఎందుకు వస్తున్నాడో ఎరగనట్టు నవ్వాడు.

పోయిన నెల మైకు రిటైరయ్యాడు. ఒక దండ, ఒక గోడగడియారం, నాలుగు మాటలు. గేటు దగ్గర విడిపోయేటప్పుడు, కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్నానని, కొత్త చిరునామా రాసి చేతిలో పెట్టాడు. ఇతను కాగితాన్ని చొక్కా జేబులో కుక్కుకున్నాడు. ఇంటికెళ్లాక తీసి చూశాడు. ముత్యాలు పేర్చినట్టున్నాయి అక్షరాలు. ఒక వంకర లేదు, ఒక కొట్టివేత లేదు. ఇంత చక్కటి రాత ఇతనిది కూడా కాదు. మంచం మీద కూర్చుండిపోయాడు. కోడిగీతలు ఎక్కడివి? ఏనాడున్నాయి కనక? మొదటి వారమే, మూడో రోజో నాలుగో రోజో, ఇతను గొట్టమెత్తి నీళ్లు నములుతుంటే వాడు చూశాడన్న మాట. చూసి, అడిగి పరువు తియ్యకుండా, తన రాతనే చెడ్డది చేసుకున్నాడు. ఇరవై నాలుగేళ్లు! భార్య కంగారుగా వచ్చి "ఏమైందండీ" అంటే కాగితం ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడకు అర్థం కాలేదు. "బాగుందే రాత" అంది.

మైకు ఖాళీ చేసిన చోటికి ఇంకెవరూ రారు. అదే నిబంధనలో ఇంకో ముక్క ఉంది, సర్టిఫికెట్ ఉన్నవాడు షిఫ్టు ఒంటరిగా నడపవచ్చని. సోమవారం నుంచి అమలు. అప్పటిదాకా అని పక్క షిఫ్టు కుర్రాణ్ణి వేశారు, గొట్టం వాడే చూస్తున్నాడు. కాగితం లేకపోతే స్టోరుకు పంపుతారు, తుప్పుపట్టిన పైపుముక్కల మధ్య కుర్చీ వేసుకుని గేటు పాసులు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ పంపుల హోరు లేకుండా, చెరువు మీద నుంచి వచ్చే ఆ పచ్చినీటి వాసన లేకుండా, నీటిమట్టం చూడగానే ఏ పంపు ఆపాలో చేతికే తెలిసిపోయే ఆ పని లేకుండా. వచ్చినవాడల్లా "నువ్వు ఆపరేటరువి కదా, ఇక్కడేంటి" అని అడుగుతాడు. అందుకే కూతురు, రంగులు తెలుస్తాయో లేదో చూడటానికి డాక్టర్లు వాడే రంగుచుక్కల పుస్తకం ఫొటోలు ఎక్కణ్ణించో పట్టుకొచ్చింది. చుక్కల్లో దాగిన అంకె రంగు తెలిసినవాడికే కనిపిస్తుంది. ఏ పేజీలో ఏ అంకో వరసగా కాగితం మీద రాసిచ్చింది. రెండు వారాలుగా భార్య అన్నం వడ్డిస్తూ ఒక ముద్దకో పేజీ అడుగుతోంది. "మోసమేముంది ఇందులో? ఇన్నేళ్లూ మీరు చెయ్యలేదా ఆ ఉద్యోగం? ఎవడికేమైంది?" అంది. ఎవడికేమైందో ఆవిడకూ చెప్పలేదు. చెల్లెలికి చెప్పనిది ఈవిడకెలా చెబుతాడు? "మీటరు పెట్టుకోండి, మీటరు లేదూ" అంది. ఉంది. ఏడాదిలో ఆర్నెల్లు ప్లాంటులో, ఆర్నెల్లు బాగుచేసేవాడి దగ్గర. ఇప్పుడు బాగుచేసేవాడి దగ్గరుంది. సోమవారం ఉదయం ఎనిమిదింటికి గొట్టం ఎత్తుతాడు, పక్కన అరిచేవాడుండడు. ఫిల్టరు గదిలో ఆ పోస్టూ తీసేశారు, పిలుద్దామన్నా పిలవడానికి మనిషి ఉండడు. పంపులు పోతూనే ఉంటాయి. ఇన్ని వేల కొళాయిలు.

"పదిహేడూ!"

లేచాడు. ఎనిమిదోది డెబ్బై నాలుగు, కాదు అది అయిదోది. లోపల గది చిన్నది. డాక్టరు కుర్రవాడేమీ కాదు, నిద్రలేని కళ్లు, ముందు చల్లారిపోయిన టీ గ్లాసు. ఎత్తు, బరువు చూశాడు, చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసి "కొంచెం ఎక్కువుంది, ఉప్పు తగ్గించండి" అన్నాడు. గోడ మీది అక్షరాలు కింది వరస దాకా చదివించాడు. ఇతను చదివాడు, చూపుకేం కొదవ లేదు. బల్ల చివర ఫైళ్ల కింద ఆ పుస్తకం ఉంది. అట్ట చూడగానే గుర్తుపట్టాడు. ఇదిగో ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు తీస్తాడు అని ఎదురుచూశాడు. డాక్టరు దాని వైపు చూడను కూడా లేదు. కాగితం మీదికి వంగి గళ్లన్నిట్లో టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, తలెత్తకుండానే అడిగాడు.

"రంగులు తెలుస్తాయిగా?"

కలం అప్పటికే ఆ గడి మీద ఆనింది.

ఇదేమిటి! పుస్తకం తెరిస్తే అంకెలు చెప్పేసేవాడే. సందేహం లేదు, ఇరవై నాలుగు పేజీలూ నోటికొచ్చు, తీరా ఇప్పుడు ఒక్కటి కూడా తప్పకుండా వరసగా వస్తున్నాయి. అది పరీక్ష. పరీక్షలో బట్టీ పట్టని వాడెవడు? ఆ అబద్ధం పుస్తకానికి చెప్పడం, రంగుచుక్కలకు చెప్పడం. ఇలా ఒక మనిషి మామూలుగా, నమ్మేసి, సగం అవునని తనే అనేసుకుని అడుగుతాడని అనుకోలేదు. ఆఁ అంటే చాలు. తలూపినా చాలు. తలూపడం ఇతనికి బాగా వచ్చు, ఆసుపత్రి మంచం పక్కన చెల్లెలి ముందు ఊపాడు. ఫిల్టరు గదిలో మనిషిని పిలవని ఆ నోరూ ఇదే. లోపల ఎక్కడో ఏడుపులాంటిది పైకి తన్నుకొస్తోంది, ఈ వయసులో ఈ గదిలో ఏడిస్తే ఎంత సిగ్గు, అనుకున్నాడు.

"తెలియవండీ" అన్నాడు.

డాక్టరు తలెత్తాడు. "ఏమన్నారు?"

"ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకటేనండీ. గులాబీ అసలే తెలియదు. పుట్టినప్పటి నుంచీ."

డాక్టరు కలం కింద పెట్టి కాగితం వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పాడు. ఇన్నేళ్ల సర్వీసు అని ఉన్నచోట వేలు పెట్టాడు. ఆయనకు కోపం వచ్చిందో జాలి వేసిందో ముఖం చూస్తే తెలియడం లేదు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు చివరికి, కాస్త గొంతు తగ్గించి.

"తెలిసేది కాదండీ."

"ఇది రాశానంటే మీరింక ఆ సీట్లో కూర్చోలేరు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండీ." ఆలోచించుకోలేదు, నిజానికి. నోరు ముందు పోయింది, తను దాని వెనకాల వెళ్తున్నాడు.

"మరి ఇరవై నాలుగేళ్లూ ఎలా చేశారయ్యా ఆ పని?"

"పక్కన మనిషి ఉండేవాడండీ" అన్నాడు. "సోమవారం నుంచి ఉండడు. రాయండి."